'అ' దగ్గర ఆగిన ఆయుష్షు

రోమ్‌లో సెనెకా అనే తత్వవేత్త ఉండేవాడు. ఆయుష్షు చాలడం లేదని వాపోయేవాళ్లను మందలిస్తూ దాదాపు రెండు వేల ఏళ్ల కిందట ఒక పుస్తకమే రాశాడు. మనకు దక్కిన కాలం తక్కువేమీ కాదు, మనమే దాన్ని దుబారా చేస్తున్నాం, సరిగ్గా వాడుకుంటే ఎంత పెద్ద పనికైనా సరిపోతుంది అన్నది ఆయన వాదం. పొద్దుపోక కాలం వెళ్లబుచ్చేవాళ్ల సంగతిలో నేనూ కాదనను. దుబారా అన్నది ఎరగని మనిషి మాటేమిటి మరి? ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నాకు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు గుర్తొస్తారు. సెనెకా మీద నమ్మకం సడలిపోతుంది.

లక్ష్మణరావు 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలిసినప్పుడు దాని వెనక ఉన్నవారిలో ఆయన ఒకరు. అప్పటికి ఇరవై నాలుగేళ్లవాడు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్ర, జీవశాస్త్రం, రసాయన శాస్త్రం వంటివి తెలుగులో చదువుకునే వీలు కల్పించారు. మునగాల సంస్థానంలో దివానుగిరీ చేస్తూనే ఇదంతా. అక్కడితో ఆగలేదు. ఇంగ్లీషువాళ్లకు బ్రిటానికా ఉన్నట్టు తెలుగువాళ్లకూ ఒక విజ్ఞాన సర్వస్వం ఉండి తీరాలని పట్టుబట్టి 1912 ప్రాంతంలో పని మొదలుపెట్టారు. మూడు పెద్ద సంపుటాలు అచ్చయ్యాయి. మూడూ 'అ'తోనే నిండిపోయాయి. 1923 జులైలో మద్రాసులో ఆయన పోయారు. నలభై ఆరేళ్లు.

మన అక్షరమాల ఎంత పొడుగో తలుచుకుంటే ఆ లెక్క గుండెలో గుచ్చుకుంటుంది. అచ్చులు దాటాలి, క నుంచి మొదలుపెట్టి హల్లులన్నీ నడవాలి. 'ఆంధ్ర' అన్న మాట కోసం అంత దూరం పోనక్కర్లేదు, పక్క అక్షరంలోనే ఉంది. ఆంధ్రుల చరిత్ర కోసం శాసనాలు శోధించిన మనిషి చేతిమీదుగా ఆ అక్షరం సంపుటం వెలువడనేలేదు. ఆ తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆ బరువు నెత్తికెత్తుకున్నారు. 1938లో ఆయనా వెళ్లిపోయారు. పని మిగిలే ఉంది.

లక్ష్మణరావు గారి అక్క కథ ఇంకా బాధ పెడుతుంది. భండారు అచ్చమాంబ 1874లో పుట్టారు. బడి చదువు లేదు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు, చిన్నతనంలోనే పెళ్లయింది. భర్త ఉద్యోగం మధ్యపరగణాల్లో కావడంతో తమ్ముణ్ణి తన దగ్గరికే తీసుకెళ్లి చదివించారు. ఆ తమ్ముడి పక్కన కూర్చునే తాను అక్షరాలు నేర్చుకున్నారు. నేర్చుకున్న అక్షరాలతో ఏం చేశారు? 1902లో 'ధనత్రయోదశి' వంటి కథ రాశారు. మచిలీపట్నంలో స్త్రీల సమాజం నెలకొల్పారు. ఆడవాళ్లకు తెలివి తక్కువ అనేవాళ్లకు ఉదాహరణలతో జవాబు చెప్పాలని 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తలపెట్టారు. మొదటి భాగంలో మన చరిత్రలోని స్త్రీలు, రెండో భాగంలో వేదాల్లో, పురాణాల్లో కనిపించే స్త్రీలు, మూడో భాగంలో ఇతర దేశాల స్త్రీలు అని ఆమె పథకం. మొదటి భాగం చేతికొచ్చింది. రెండోది సగంలో ఉండగా 1905లో ఆమె చనిపోయారు. అప్పటికి ముప్పై ఏళ్లు. ఆ పుస్తకానికి ఇంకెంత కాలం కావాల్సి వచ్చేది? ఐదేళ్లో, పదేళ్లో. ఒక ఇంట్లో అక్కకూ తమ్ముడికీ కూడా పుస్తకం మధ్యలోనే పొద్దువాలింది.

ఇక్కడ ఎవరో ఒకరు భారతం మాటెత్తుతారు. పదకొండో శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలేశాడు, తిక్కన వచ్చి విరాటపర్వం నుంచి చివరిదాకా నడిపించాడు, పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన మధ్యలో మిగిలిన ఖాళీ పూడ్చాడు, మూడొందల ఏళ్లయితేనేం, తెలుగు భారతం నిండింది కదా అంటారు. నిజమే, ఆ వరసకు నేనూ చేతులు జోడిస్తాను. ఎర్రన వినయం మరీ గొప్పది. తన పేరు పక్కన పెట్టి, నన్నయే రాస్తున్నట్టు రాజరాజనరేంద్రుడికే ఆ భాగాన్ని చెప్పాడు. అయినా నన్నయ రాయబోయిన అరణ్యపర్వ శేషం మనకు దక్కలేదు. దక్కింది ఎర్రనది. పనిని ఇంకొకరు అందుకోగలరు గానీ ఆ మనిషి చూపు, ఆ మాట పొందిక, ఆ తూకం మనిషితోనే పోతాయి. గార్గి గురించి, ద్రౌపది గురించి తర్వాత ఎందరైనా రాయనీ, 1905లో ముప్పై ఏళ్ల అచ్చమాంబ రాసి ఉండే మాటలు వాళ్లు రాయలేరు. వంశం నిలిచింది, పని సాగింది అన్న ఓదార్పు నాకు సగమే అందుతుంది.

నూరేళ్లిచ్చినా చాలని పనులున్నాయన్నదీ నిజం. జయంతి రామయ్య పంతులు గారు ఎనభై దాకా బతికారు. ఆయన మొదలుపెట్టించిన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వచ్చింది, చివరిదైన ఎనిమిదోది వచ్చేసరికి 1972. ఆయన 1941లోనే కన్నుమూశారు.

అయితే ఏళ్లు పెరిగితే ఒరిగేదేముంది, ఒంట్లో ఓపిక ఉండొద్దూ అనేవాళ్లకు సి.ఆర్. రావు గారిని చూపించాలి. కల్యంపూడి రాధాకృష్ణారావు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లిన తెలుగువాడు. ఇరవై ఐదేళ్ల వయసులో, 1945లో, గణాంకశాస్త్రం తీరు మార్చిన వ్యాసం ప్రచురించారు. ఆ వ్యాసానికి అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి 2023లో వచ్చింది, అంటే డెబ్భై ఎనిమిదేళ్లకు. ఆ ఏడాదే, నూట రెండేళ్లు నిండి, కన్నుమూశారు. ఆయన జీవితంలో నన్ను పట్టి నిలిపేది బహుమతి కంటే మధ్యలోని సంగతి. మనదేశంలో ఉద్యోగ విరమణ వయసు వచ్చాక అమెరికా వెళ్లి మళ్లీ పరిశోధన, మళ్లీ పాఠాలు, మళ్లీ శిష్యులు. అరవై ఏళ్ల దగ్గర లెక్క ముగిసి ఉంటే ఆ రెండో జీవితం ఉండేదే కాదు. ఎక్కువ బతికితే విసుగు పుడుతుందనే మాట నేను నమ్మకపోవడానికి ఆయన ఒక్కరు చాలు. తెలుసుకోవాలన్న దాహం ఉన్నవాడికి విసుగెక్కడిది?

స్వాతంత్ర్యం నాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం ముప్పై రెండేళ్ల దరిదాపుల్లో ఉండేది. ఇప్పుడది డెబ్భై. ఈ పెరుగుదలలో పెద్ద భాగం పసిపిల్లల చావులు తగ్గడం వల్ల, మశూచి, కలరా వంటివి అదుపులోకి రావడం వల్ల వచ్చింది. ఎవరి తలరాతా మారలేదు. టీకాలు వేశారు, శుభ్రమైన నీళ్లు తెచ్చారు, కాన్పులు ఆసుపత్రుల్లో చేశారు. అంటే ఆయుష్షు పెంచడం మనుషుల చేతిలోని పనే అని ఆ రెండు అంకెలు సాక్ష్యం చెబుతున్నాయి. ఉన్నదాంతో తృప్తిపడమని తత్వం బోధించేవాళ్ల కంటే, ఊళ్లో మంచినీటి ట్యాంకు కడిగించే మనిషికే నేను ముందు దండం పెడతాను.

లక్ష్మణరావు గారికి అదనంగా ముప్పై ఏళ్లకు కాస్త పైగా ఉండి ఉంటే డెబ్భై ఆరేళ్ల వయసులో, 1953లో, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడడం చూసేవారు. 'ఆ' సంపుటం ఎప్పుడో పూర్తయి, హల్లుల్లో చాలా దూరం వచ్చి ఉండేవారు. అచ్చమాంబకు ఆ ముప్పై కూడా అడగను. మిగిలిన రెండు భాగాలు ముగించడానికి సరిపడా ఏళ్లిస్తే చాలు.