మంద్రస్వరమే ముఖ్యము

బేస్ గిటారునకు ఎఫెక్ట్స్ పెడలు కొనఁబోవు మిత్రులకు, ఇన్నాళ్ల సాధనలో నాకు బోధపడిన మాట యొక్కటి చెప్పవలెనని యున్నది: ముందుగా కాపాడుకొనవలసినది మంద్రస్వరము.

నాలుగు తంత్రుల బేసులో అడుగుతంత్రి, వ్రేలితో నొక్కక మీటినపుడు, సెకనునకు సుమారు 41 సార్లు కంపించును. సాధారణ గిటారు కొఱకు చేసిన డిస్టార్షన్ పెడళ్లలో పెక్కు ఆ లోతును తగ్గించివేయుటచేత, ఇంట నొంటరిగా వాయించునపుడు గంభీరముగాఁ దోఁచిన నాదమే, డ్రమ్ములును గిటార్లును కలియఁగానే జాడ తెలియకుండఁ బోవును. నిన్నటి రాత్రి నా ఓవర్‌డ్రైవ్ పెడలు మీఁది బ్లెండ్ నాబును సగమునకుఁ ద్రిప్పి, శుద్ధనాదమును గరుకునాదముతోఁ గలిపినంతనే, ఆ అడుగుస్వరము నేలగుండ వచ్చి నా యరికాళ్లకుఁ దగిలినది. ఎంత సంతోషము కలిగెనో!

వరుసయు ముఖ్యమే. ఆక్టేవ్ పెడలు ప్రతిస్వరమును స్పష్టముగా గుర్తింపవలసి యుండును గనుక దానిని ఓవర్‌డ్రైవునకు ముందుంచుట మేలు. 1983లో మెటాలికా తొలి ఆల్బమునందు క్లిఫ్ బర్టన్ డిస్టార్షనుతోను వావా పెడలుతోను బేసును పలికించిన తీరు విన్నవారికి, ఈ వాద్యపు కంఠమెంత విశాలమో తెలియును.

తొలుత ఒక్క పెడలే కొనుఁడు. మీ బేసునే దుకాణమునకుఁ దీసికొనిపోయి, అడుగుతంత్రిని మీటి, పెడలు వేసియు తీసియు వినుఁడు.