అమ్మ కోసిన బటన్ రోజాలు

మా బాల్కనీ 9 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. వాషింగ్ మెషిన్, బట్టలారేసే స్టాండు పోగా మిగిలిన జాగాలో ఏడు కుండీలు. అదే నా తోట. కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తు. తూర్పు ముఖం కావడం ఒక్కటే మా అదృష్టం. పొద్దున్నే వచ్చిన ఎండ పదకొండున్నర దాకా ఉంటుంది. గులాబీకి రోజుకి ఐదారు గంటల ఎండ కావాలి. మాకు బొటాబొటిగా సరిపోతుంది.

ఇప్పుడా ఏడు కుండీల్లోనూ బటన్ రోజాలే. మొదట్లో అలా కాదు. అందరిలాగే నేనూ అరచేయంత పువ్వు చూసి పడిపోయాను. ఒక నర్సరీలో 250 రూపాయలు పెట్టి పెద్ద గులాబీ కొన్నాను. మొదటి పువ్వుకి ఫొటో తీసి స్టేటస్ కూడా పెట్టాను. మూడో నెలకి కుండీలోంచి ఏపుగా కొత్త కొమ్మలొచ్చాయి. ఎంత మురిసిపోయానో! అవి అంటు కట్టిన చోటుకి కింద నుంచి వచ్చినవని తర్వాత తెలిసింది. పెద్ద గులాబీల్ని మామూలుగా ఏదో ఒక మొండి రకం వేరు మీద అంటు కడతారు. ఆ కింది కొమ్మల్ని చిన్నప్పుడే పీకేయకపోతే బలమంతా అవే లాక్కుంటాయి. నేను నీళ్లు పోసి మరీ పెంచాను. పైనున్న అసలు గులాబీ ఎండిపోయింది.

బటన్ రోజాతో ఆ బాధ తక్కువ. ఎక్కువగా కొమ్మ నాటి పెంచుతారు కాబట్టి వేరూ దానిదే, కొమ్మా దానిదే. అడుగు, అడుగున్నర ఎత్తు. పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్ద పువ్వులు, గుత్తులు గుత్తులుగా. 8 నుంచి 10 అంగుళాల కుండీ చాలు. నెక్లెస్ రోడ్డులో నర్సరీ మేళా జరిగినప్పుడు మెట్రోలో, ఒళ్లో పెట్టుకుని తెచ్చాను వీటిని.

కొనేవాళ్లకి ఒక్క మాట. నర్సరీ కవర్లో ఉండేది గట్టి మట్టి ముద్ద. కవరు చింపి అలాగే కుండీలో దించేస్తే నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి, ముద్ద లోపల పొడిగానే ఉంటుంది. మనమేమో రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాం కదా అనుకుంటాం. బకెట్ నీళ్లలో కాసేపు నానబెట్టి, వేళ్లు తెగకుండా పైమట్టి వదులు చేసి నాటాలి. నేను ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కోకోపీట్ సమానంగా కలిపి గుప్పెడు వేపపిండి వేస్తాను.

కుండీకి అడుగున చిల్లులు తప్పనిసరి. ఆ చిల్లుల్లోంచి కారిన ఎర్రనీళ్లు మూడో అంతస్తు ఆంటీ ఆరేసిన తెల్లదుప్పటి మీద పడ్డాయి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో దుప్పటి ఫొటో, కింద ‘ఎవరిదండీ ఈ పని?’ అని. సారీ చెప్పి, ఆ సాయంత్రమే ఏడు కుండీలకీ కింద పళ్లేలు పెట్టాను. ఆంటీ మాత్రం లిఫ్ట్‌లో కనిపిస్తే ఫోన్ చూసుకునేవారు.

ఇదంతా అమ్మ రాకముందు.

మాది కోనసీమ. ఊళ్లో మా పెరట్లో మందారం, నందివర్ధనం, సన్నజాజి పందిరి, నూతి గట్టు పక్కన కనకాంబరాలు. అమ్మ తెల్లారగానే పళ్లెం పట్టుకుని వెళ్లేది. దేవుడికి కొన్ని, పక్కింటి అత్తకి కొన్ని, మిగిలినవి మాల కట్టి తలలోకి. పువ్వు లేని అమ్మ జడ నాకు గుర్తులేదు.

నాన్న పోయిన పదో రోజున చూశాను. పెద్దవాళ్లు నలుగురు చేరి అమ్మకి తల నిండా పూలు పెట్టారు, చేతుల నిండా గాజులు వేశారు. కాసేపటికి అన్నీ తీసేశారు. నేను ఆ గదిలోనే, తలుపు పక్కనే నిలబడి ఉన్నాను. ఇలాంటి వాటి మీద ఇన్‌స్టాలో ఎన్ని పోస్టులు షేర్ చేశానో లెక్కలేదు. ఆ రోజు నోరు తెరవలేదు. అమ్మ ఒక్కసారి తల తిప్పి నావైపు చూసింది. ఎందుకు చూసిందో ఇప్పటికీ అడగలేదు.

ఆరు నెలలకి, ఫిబ్రవరిలో, అమ్మని హైదరాబాద్ తీసుకొచ్చేశాను. సరిగ్గా అప్పుడే నా రోజాలు మొండికేశాయి. డిసెంబరంతా విరగబూసిన మొక్కలు పూత ఆపేశాయి. ఎరువు మార్చాను. యూట్యూబ్‌లో చూసి అరటితొక్కలు నానేసిన నీళ్లు పోశాను. ఒకరోజు కొమ్మల చివర్న ఆకుపచ్చ గుండ్లు కనిపిస్తే సంబరపడి అమ్మని పిలిచాను.

“అమ్మా, మొగ్గలొచ్చాయి చూడు.”

అమ్మ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. “మొగ్గలేంటే, కాయలివి.”

“గులాబీకి కాయలేంటి?”

“పువ్వు కోయకపోతే కాయ కాయదా మరి? కోసి ఎన్నాళ్లయింది?”

నేను అసలెప్పుడూ కోయలేదు. మొక్కకే ఉంటే అందం అని, వాడినా రాలేదాకా వదిలేసేదాన్ని. మొక్క పూసేదే గింజ కోసం. కాయ పట్టిందంటే దాని ధ్యాసంతా ఆ గింజ మీదే, కొత్త మొగ్గలు తగ్గిపోతాయి. అమ్మ వంటింట్లోంచి కత్తెర తెచ్చింది. పువ్వు తొడిమ దగ్గర తుంచేసి ఊరుకోలేదు. కొమ్మ వెంబడి కిందికొచ్చి, ఐదాకుల రెమ్మ దొరికేదాకా ఆగి, బయటివైపు చూస్తున్న కన్నుకి కొంచెం పైన కత్తిరించింది. ఏడు కుండీలూ పది నిమిషాల్లో బోడిగా అయిపోయాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ.

నెలన్నర తిరక్కుండా మళ్లీ మొగ్గలు.

ఆ తర్వాతే కూర్చుని చదివాను. పాతకాలపు యూరప్ గులాబీలు చాలావరకు ఏడాదికి ఒక్క కారే పూసేవట. మళ్లీమళ్లీ పూసే గుణం ముఖ్యంగా చైనా గులాబీల నుంచి వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో అవి యూరప్ చేరాక రెండింటినీ కలిపి కొత్త రకాలు పుట్టించారు. గులాబీలో పూతని అదుపు చేసే జన్యువు ఒకటుంది. చైనా గులాబీల్లో అది దెబ్బతింది. ఇక ఆపేవాళ్లు లేరు కాబట్టి కొత్త చిగురు వేసినప్పుడల్లా పూస్తుంది.

అమ్మకి ఇదంతా చెప్తే, “బ్రేకులు ఫెయిలైన మొక్కన్నమాట” అంది.

ఇంకొకటి కూడా చెప్పాను, అది అమ్మకి బాగా నచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో స్విట్జర్లాండ్‌లో రూలే అనే సైనికాధికారి ఒక పల్లెలో కిటికీల దగ్గర కుండీల్లో జానెడు గులాబీ మొక్కలు చూశాడు. ఊరివాళ్లు వాటిని తరాలుగా అలాగే పెంచుకుంటున్నారు. అతని పేరు మీదే దానికి రూలెటీ అని పేరు పెట్టారు. ఈనాటి చిట్టి గులాబీల్లో చాలావాటి వంశంలో అది ఉంది. “చూశావా, కిటికీలో బతికిందే ఇది. మన బాల్కనీ దానికి ఎక్కువే” అంది అమ్మ. ఊరొదిలి వచ్చాక ఈ ఇంటిని ‘మన’ అనడం అదే మొదటిసారి.

అయితే కోసిన పూలు ఏం చేయాలి? ఏడాది మైల, దేవుడి దగ్గర దీపం కూడా లేదు. తలలో పెట్టుకునే ప్రసక్తే లేదు. నాకు ఆఫీసుకి పూలు పెట్టుకెళ్లే అలవాటు లేదు. అమ్మ పాలిథిన్ కవర్లో వేసి మూడో అంతస్తుకి పట్టుకెళ్లింది. దుప్పటి సంగతి అమ్మకి నేను చెప్పలేదు. ఆ శుక్రవారం నుంచి ఆంటీ లిఫ్ట్‌లో ఫోన్ చూసుకోవడం మానేశారు.

ఎండాకాలం మాత్రం నరకం. చిన్న కుండీ కదా, పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి ఆవిరి. రెండు పూటలా పోశాం, మట్టి మీద కొబ్బరిపీచు పరిచాం. ఆకుల కింద ఎర్రనల్లి పట్టి ఆకులు దుమ్ముకొట్టినట్టు అయ్యాయి. అమ్మ రోజూ పొద్దున్నే ఆకుల అడుగుభాగానికి తగిలేలా స్ప్రేతో నీళ్లు కొట్టేది. పువ్వులు వచ్చినా బఠాణీ గింజంత. ఏప్రిల్, మే నెలల్లో మొక్క బతికితే చాలు, పూత అడగకండి. వానలకి నల్లమచ్చ తెగులొచ్చింది. మచ్చలున్న ఆకులు ఏరి పారేసి, కుండీలు ఎడంగా జరిపాం. అయినా ఒక మొక్క పోయింది. ఆ కుండీలో అమ్మ తనే ఇంకో కొమ్మ నాటింది.

శ్రావణంలో నాన్న సంవత్సరీకం అయింది. అమ్మ మళ్లీ దీపం పెట్టడం మొదలుపెట్టింది. అక్టోబర్లో మొక్కల్ని మూడోవంతు కత్తిరించాం. ఈసారి కత్తెర నా చేతిలోనే పెట్టి, పక్కన కూర్చుని చూసింది. నవంబరు ఆఖరుకి ఆకులు కనపడనంత పూత. దేవుడికి, ఆంటీకి, నాన్న ఫొటోకి. ఒకరోజు నేను ఒక పువ్వు తీసి అమ్మ ముడిలో పెట్టబోయాను. చెయ్యి పట్టుకుని ఆపింది. “ఎందుకే ఇప్పుడు ఇవన్నీ” అంది, కోపంగా కాదు. నేనూ బలవంతం చేయలేదు. ఆ రోజు మాట్లాడనిదాన్ని, ఇప్పుడు ఏ మొహంతో వాదించను?

పోయిన వారం ఫ్రిజ్ పైన దుమ్ము తుడుస్తుంటే ఎండిన బటన్ రోజాలు ఐదారు కనిపించాయి. ఒకదానికి నల్ల హెయిర్‌పిన్ కూడా ఉంది. ఎలుకలు తెచ్చిపెట్టాయేమో అనుకున్నాను ముందు. నిజంగా. తర్వాత గమనించడం మొదలుపెట్టాను.

పొద్దున నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాక, అమ్మ బాల్కనీలో పూలు కోసి వంటింట్లోకి వెళ్తుంది. ఇటు వీపు పెట్టి కూర తరుగుతున్నప్పుడు ముడి కింద, మెడ దగ్గర ఒక చిన్న ఎర్ర పువ్వు. డోర్‌బెల్ మోగిందంటే ఒక చేత్తో స్టవ్ తగ్గించి, రెండో చేత్తో పువ్వు తీసి ఫ్రిజ్ పైన పెట్టి, చెంగు సర్దుకుని తలుపు తీస్తుంది.

నేను చూసినట్టు అమ్మకి తెలియదు. తెలిసినా తెలియనట్టే ఉంటుందేమో.

నిన్న పదిన్నరకి బెల్ మోగింది. మీటింగులో ఉన్నాను. అమ్మ చెయ్యి ముడి మీదికి వెళ్లడం కనిపించింది. మైక్ మ్యూట్ చేసి లేచాను.

“నువ్వుండమ్మా, నేను చూస్తా.”

కొరియర్ అబ్బాయి. పార్సిల్ తీసుకుని తలుపేసి వచ్చేసరికి అమ్మ పోపు వేస్తోంది. పువ్వు అక్కడే ఉంది.