అమ్మ కట్టిన జెండా

నడుంనొప్పి మొదలయ్యాక మామూలు సైకిల్ మానేశాను. మావారు మూడు చక్రాల సైకిల్ కొనిచ్చారు. పడక్కుర్చీలోలా వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపి తొక్కాలి. నడుం మీద భారం పడదు.

ధనుర్మాసంలో తెల్లారగట్లే అవనిగడ్డ నుంచి కోడూరు మీదుగా హంసలదీవి వెళ్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో తమ్ముణ్ణి పోగొట్టుకుంది. అప్పట్నుంచీ సముద్రం పేరెత్తదు.

"అంత కిందికి కూర్చుంటే ఈ మంచులో లారీవాళ్లకి ఏం కనబడతావే?" అంది.

మర్నాడు చూస్తే, సైకిల్ వెనకాల వెదురుబద్దకి తన ఎర్రచీర చెంగు కట్టి ఉంది!

వేణుగోపాలస్వామికి దణ్ణం పెట్టుకుని, పాలకాయతిప్ప ఒడ్డున ఆగి ఫోన్ చేశాను.

"చేరానమ్మా."

కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా అడిగింది: "సముద్రం ఎలా ఉందే?"

నాకు ఊహ తెలిశాక అమ్మ ఆ మాట అడగడం అదే మొదటిసారి.