రాజీకి ముందు అడగాల్సిన మాట

సినిమాలో కోర్టు సీను పది నిమిషాల్లో తేలిపోతుంది. ఆఖరి క్షణంలో సాక్షి పరుగెత్తుకొస్తాడు, విలన్ తల దించుకుంటాడు, జడ్జిగారు తీర్పు చదువుతారు. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ స్టూడియోల్లో అలాంటి బోనులు ఎన్ని వేశారో, ఎన్ని విప్పారో! కానీ నీళ్లనూ గాలినీ విషం చేసిన కేసులు నిజజీవితంలో చాలావరకు తీర్పుతో కాదు, రాజీతో ముగుస్తాయి. హాలీవుడ్ 2000లో తీసిన 'ఎరిన్ బ్రొకోవిచ్' వెనకున్న అసలు కథా అంతే. కాలిఫోర్నియాలోని హింక్లీ ఊరి నీళ్లలో క్రోమియం కలిసిన ఆ కేసు 1996లో 33.3 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది.

రాజీ ఎందుకంటారా? ఫిల్మ్‌నగర్ నుంచి పాతిక కిలోమీటర్లు వెళ్తే పటాన్‌చెరు. ఫ్యాక్టరీల వ్యర్థాలతో నక్కవాగు, చుట్టుపక్కల పొలాలు పాడయ్యాయని 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. మధ్యలో రైతులకు కొంత పరిహారం ఇప్పించినా కేసు తెగలేదు. 2001లో హైకోర్టుకు, ఆ తర్వాత హరిత ట్రైబ్యునల్‌కు మారింది. కేసు పడిననాడు పుట్టిన పిల్లలు పెళ్లీడుకొచ్చారు. అన్నేళ్లు ఆగలేనివాళ్లకు రాజీయే దిక్కు.

అయితే ఆ రాజీ ఎవరినీ అడక్కుండా జరిగితే? అందుకు భోపాలే సాక్ష్యం. 1984 డిసెంబరులో విషవాయువు ఊరిని కమ్మేసింది. మరుసటి ఏడాది చేసిన చట్టంతో బాధితులందరి తరఫునా వాదించే హక్కును కేంద్రమే తీసుకుంది. 330 కోట్ల డాలర్లు కావాలని అడిగి, 1989 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సాక్షిగా 47 కోట్లకు ఒప్పుకుంది. బస్తీల్లో దగ్గుతూ కూర్చున్నవాళ్లను 'ఇది మీకు సమ్మతమేనా' అని అడిగిన నాథుడు లేడు. చివరికి పరిహారానికి అర్హులని తేలినవాళ్లు 5 లక్షలు దాటారు! ఇంకా సొమ్ము ఇప్పించమని 2010లో కేంద్రం వేసిన పిటిషన్‌ను 2023 మార్చిలో కోర్టు కొట్టేసింది. ఒకసారి ముద్ర పడిన రాజీని తిరగదోడటం అంత కష్టం.

అందుకే ముద్ర వేసేముందే చూడాలి. ఓ చెరువును నాలుగు ఫ్యాక్టరీలు పాడుచేశాయనుకుందాం. వాటిలో ఒకటి 'నా వాటా ఇదిగో' అంటూ రాజీకొచ్చింది. మిగతా మూడూ తర్వాత దాని వెంటపడకూడదంటే, అది సదుద్దేశంతో చేసుకున్న రాజీయేనని కాలిఫోర్నియాలో జడ్జి ఒప్పుకోవాలి. దాని తప్పెంత? ఇస్తున్నదెంత? ఎవరికెలా పంచుతారు? లోపాయికారీ ఒప్పందం ఏమైనా ఉందా? 1985 నుంచి అక్కడ ఇలాంటి కొలతలే. ఇక అమెరికా కేంద్ర ప్రభుత్వం వేసే కాలుష్యం కేసుల్లోనైతే రాజీ పత్రాన్ని ముందే బయటపెట్టి, జనం మాట వినడానికి కనీసం 30 రోజులు గడువిస్తారు.

మనకు అలాంటి రూలు లేదా అంటే, ఉంది! పదిమంది తరఫున నడిచే దావాలో రాజీకి కోర్టు అనుమతి తప్పదని, దానికి ముందు సంబంధం ఉన్నవాళ్లకు నోటీసు ఇవ్వాలని 1976లోనే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో చేర్చారు. భోపాల్ రాజీకి పదమూడేళ్ల ముందు! ఆ నోటీసు ఊళ్లోకి రావాలి. ఊరివాళ్లకు అర్థమయ్యే భాషలో రావాలి. విషం తాగినవాళ్లు చదువుకుని, సరేనో కాదో చెప్పాకే జడ్జిగారు సంతకం పెట్టాలి.