ఒక్క పేరు కోసం ఊరంతా లెక్కలే!

జూలైలో మాంట్రియల్ వెళ్తే ఐస్ హాకీ మ్యాచ్ ఒక్కటీ దొరకదు. సీజన్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. కానీ 2022 జూలై మొదటి వారంలో ఆ ఊళ్లో మెట్రోలో, కెఫేలో, బేగెల్ షాపు క్యూలో ఎక్కడ నిలబడ్డా వినిపించింది హాకీ కబుర్లే. అవి కూడా మూడు పేర్ల చుట్టూనే. షేన్ రైట్, యురాయ్ స్లాఫ్కోవ్‌స్కీ, లోగన్ కూలీ.

నాది టొరంటోలో ఉద్యోగం. రైలెక్కితే మాంట్రియల్‌కి ఐదు గంటల పైనే. ఇంజినీరింగ్‌లో నా క్లాస్‌మేట్ అక్కడే డేటా ఇంజినీర్. స్టేషన్‌లో కనబడగానే మొదటి మాట: ‘‘ఒరేయ్, టొరంటో నుంచి వచ్చానని ఎవరికీ చెప్పకు. మీ టీమ్‌కీ మాకూ పడదు.’’ మూడేళ్లలో వీడు ‘మాకూ’ అనేదాకా వచ్చేశాడు!

ఇంతకీ డ్రాఫ్ట్ అంటే?

ఐపీఎల్ వేలంలా డబ్బులు పాడుకోవడం కాదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 టీమ్‌లు. పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లను అవి ఒక వరసలో ఎంచుకుంటాయి. వెనకబడ్డ టీమ్‌కి ముందు ఛాన్స్. మన భాషలో చెప్పాలంటే ఎంసెట్ కౌన్సెలింగ్‌ని తిరగేసినట్టు. ఫస్ట్ ర్యాంకర్ కాలేజీని ఎంచుకోడు, కాలేజీయే వాణ్ని ఎంచుకుంటుంది. అదీ రిజల్ట్స్‌లో అట్టడుగున ఉన్న కాలేజీ!

మరి కావాలనే ఓడిపోతే? అందుకే లాటరీ పెట్టారు. 14 బంతుల్లోంచి నాలుగు తీస్తారు. 1001 కాంబినేషన్లు వస్తాయి. ఒకటి పక్కనపెడితే వెయ్యి. అందులో ఆఖరి టీమ్‌వి 185. మాంట్రియల్ కెనేడియన్స్ 2021లో ఫైనల్ దాకా వెళ్లి, మరుసటి సీజన్‌లో ఏకంగా ఆఖరి స్థానానికి పడిపోయింది. మే 10న లాటరీ మాత్రం గెలిచింది. పైగా ఆ ఏడాది డ్రాఫ్ట్ జరిగేది వాళ్ల సొంత స్టేడియంలోనే. ఇక ఊరు ఊరుకుంటుందా?

మొదటి మజిలీ: హోటల్

డౌన్‌టౌన్‌లో క్వీన్ ఎలిజబెత్ హోటల్ ఉంది. 1969లో జాన్ లెనన్, యోకో ఓనో శాంతి కోసం మంచం మీదే ఉండి నిరసన తెలిపింది ఇక్కడే. టూరిస్టులు దానికోసమే వస్తారు. హాకీవాళ్లకి ఇంకో లెక్కుంది. 1963 జూన్‌లో మొట్టమొదటి డ్రాఫ్ట్ జరిగింది ఈ హోటల్లోనే. టీవీ లేదు, జనం లేరు. మూసిన తలుపుల వెనక 21 మందిని ఎంచుకుని వెళ్లిపోయారు. మొదటి పేరు గ్యారీ మోనహన్, 16 ఏళ్ల కుర్రాడు. తీసుకున్నది మాంట్రియలే.

విగ్రహాల దగ్గర

అక్కణ్నుంచి పది నిమిషాలు నడిస్తే బెల్ సెంటర్. 21 వేల మందికి పైగా పట్టే స్టేడియం. పక్కనే టీమ్ మహామహుల విగ్రహాలు. వాటిలో గీ లాఫ్లర్ ఒకరు. 70 ఏళ్ల వయసులో ఆ ఏప్రిల్‌లోనే చనిపోయారు. ఆయన పదో నంబర్ జెర్సీ వేసుకున్న ఒక పెద్దాయన మనవడికి విగ్రహం చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. ఫ్రెంచ్‌లో నాకు అర్థమైంది ‘1971’ ఒక్కటే.

మిగతాది మావాడు చెప్పాడు. మేనేజర్ శామ్ పొలాక్ 1971 ఫస్ట్ రౌండ్ పిక్‌ని ఒక కాలిఫోర్నియా టీమ్ దగ్గర్నుంచి ఏడాది ముందే సంపాదించాడు. ఆ టీమ్ ఆఖర్న నిలిస్తేనే అది ఫస్ట్ పిక్ అవుతుంది. సీజన్ మధ్యలో చూస్తే లాస్ ఏంజెలెస్ టీమ్ ఇంకా కిందికి జారేలా ఉంది. దాంతో తన ఆటగాడు రాల్ఫ్ బ్యాక్‌స్ట్రోమ్‌ని లాస్ ఏంజెలెస్‌కి పంపి, దాన్ని పైకి లేపాడని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. అలా వచ్చిన లాఫ్లర్ ఐదు స్టాన్లీ కప్‌లు తెచ్చాడు. ఒక్క పేరు కరెక్ట్‌గా పడితే ఏమవుతుందో ఈ ఊరు చూసింది.

ఫోరం నేర్పిన భయం

సెయింట్ క్యాథరిన్ వీధి పట్టుకుని పడమరకి అరగంట నడిస్తే అట్‌వాటర్ మెట్రో దగ్గర పాత ఫోరం. 1996 దాకా కెనేడియన్స్ అడ్డా. ఇప్పుడు సినిమా హాళ్ల కాంప్లెక్స్. ఒక్క పేరు తప్పుపడితే ఏమవుతుందో చూసింది ఇక్కడే.

1980లో డ్రాఫ్ట్‌ని మొదటిసారి జనం మధ్య పెట్టారు, ఈ ఫోరంలోనే. ఫస్ట్ పిక్ మాంట్రియల్‌దే. ఊళ్లోనే పెరిగిన డెనిస్ సవార్డ్‌ని తీసుకోవాలని చాలామంది కోరిక. టీమ్ మాత్రం జూనియర్ లీగ్‌లో ఆ సీజన్ 89 గోల్స్ కొట్టిన డగ్ వికెన్‌హైజర్‌ని పిలిచింది. సవార్డ్ మూడో పిక్‌గా చికాగో వెళ్లి హాల్ ఆఫ్ ఫేమ్ ఆటగాడయ్యాడు. వికెన్‌హైజర్‌ని నాలుగేళ్లు తిరక్కుండానే వేరే టీమ్‌కి ఇచ్చేశారు. ఆ కుర్రాడు చేసిన తప్పేంటి? తన పేరు తను పిలుచుకోలేదు కదా! 37 ఏళ్లకే క్యాన్సర్‌తో చనిపోయాడు. ఇప్పటికీ అతని పేరు రాగానే పక్కన సవార్డ్ పేరు కూడా వస్తుంది.

లెక్కలు.. కౌంటర్ లెక్కలు

జూలై 7 సాయంత్రం క్రెసెంట్ వీధిలో ఒక బార్‌లో కూర్చున్నాం. ముందు ప్లేటెడు పూటిన్: చిప్స్, చీజ్, పైన గ్రేవీ. పక్క టేబుల్‌వాళ్లు రెండు పార్టీలు.

‘‘రైట్‌కి పదిహేనేళ్లకే జూనియర్ లీగ్‌లో స్పెషల్ పర్మిషన్ ఇచ్చారు. అప్పట్నుంచీ లిస్టులో టాప్. మనకి కావాల్సింది సెంటర్ ఆటగాడే’’ అని ఒకరు.

‘‘స్లాఫ్కోవ్‌స్కీ 17 ఏళ్లకి ఒలింపిక్స్‌లో పెద్దవాళ్ల మీద ఏడు మ్యాచుల్లో ఏడు గోల్స్ కొట్టాడు. స్లొవేకియాకి కాంస్యం తెచ్చాడు. ఆ ఒడ్డూ పొడుగూ చూశావా?’’ అని ఇంకొకరు.

మావాడు ఆగలేకపోయాడు. ‘‘ఫిన్లాండ్ లీగ్‌లో 31 మ్యాచుల్లో 5 గోల్సే కొట్టాడు రా. ఏడు మ్యాచుల డేటాతో మోడల్ కడతారా ఎవరైనా?’’

నేనన్నాను: ‘‘కొవిడ్ వల్ల రైట్ లీగ్ ఒక సీజనంతా ఆగిపోయింది. మరి ఆ డేటా ఎక్కడ తెస్తావు?’’ దానికి సమాధానం లేదు. ఎవరి దగ్గరా ఉండదు. అసలు ఊహాగానంలో మజా అదే. పద్దెనిమిదేళ్లవాడు పాతికేళ్లకి ఏమవుతాడో చెప్పే ఫార్ములా లేదు. మన క్లాస్ టాపర్ల జాబితా ఇప్పుడు తీసి చూసుకోండి, తెలుస్తుంది.

టీవీలో మేనేజర్ కెంట్ హ్యూజ్ మైక్ ముందుకొచ్చాడు. బార్ మొత్తం నిశ్శబ్దం. ‘‘యురాయ్ స్లాఫ్కోవ్‌స్కీ.’’ ఒక్క క్షణం ‘హా!’ అని ఊపిరి పీల్చిన చప్పుడు. తర్వాత కేకలు, చప్పట్లు. రైట్ పార్టీవాళ్లు గ్లాసుల వంక చూసుకున్నారు.

నా కళ్లు మాత్రం స్క్రీన్ మీద రైట్‌నే వెతికాయి. రెండో పేరు అతనిది కాదు. మూడోదీ కాదు. నాలుగో పిక్‌గా సియాటెల్ పిలిచింది. నాలుగో స్థానం అంటే తక్కువేం కాదు. కానీ ఏళ్లతరబడి ‘నువ్వే ఫస్ట్’ అని విన్న కుర్రాడికి అది ఎలా ఉంటుంది? మనకి ర్యాంకు తగ్గితే ఇంట్లో నాలుగు గోడల మధ్య తిట్లు పడతాయి. అతనికి అది లైవ్‌లో, తనని కోరుకున్న ఊళ్లోనే జరిగింది.

ఆ తర్వాత

మొదటి సీజన్‌లో స్లాఫ్కోవ్‌స్కీ 39 మ్యాచుల్లో 4 గోల్స్ కొట్టి గాయంతో ఆగిపోయాడు. ‘మళ్లీ వికెన్‌హైజర్’ అని మావాడు గ్రూప్‌లో ఏడుపు ఎమోజీలు పెట్టాడు. మరుసటి సీజన్ 20 గోల్స్. 2024లో ఎనిమిదేళ్ల కాంట్రాక్ట్. ఎమోజీలు మారిపోయాయి. రైట్ కొన్నాళ్లు కింది లీగ్‌లో ఆడి, నిదానంగా సియాటెల్ టీమ్‌లో చోటు గట్టి చేసుకున్నాడు. ఎవరి పిక్ కరెక్టో తేలిందా అంటే, ఇద్దరికీ ఇంకా పాతికేళ్లు కూడా నిండలేదు.

మీరు మాంట్రియల్ వెళ్తే ఈ మూడు చోట్లూ ఒక్క పూటలో నడిచేయొచ్చు. బోనవెంచర్ మెట్రోలో దిగి, అట్‌వాటర్‌లో ఎక్కేయండి. దారిలో ఎవరినైనా ‘ఈసారి ఎవర్ని తీసుకుంటారు?’ అని అడగండి. పేరు చెప్పడానికి పది సెకన్లు పడుతుంది. ఎందుకో చెప్పడానికి మాత్రం మీ కాఫీ చల్లారిపోతుంది.