యాక్సిల్ షాఫ్టుల చుట్టరికం

వెనక చక్రాలతో నడిచే కారులో గేరుబాక్సు నుంచి వచ్చిన బలం ప్రొపెల్లర్ షాఫ్టు మీదుగా డిఫరెన్షియల్‌కు చేరుతుంది. అక్కడ రెండు పాయలై, ఒక్కో చక్రానికి ఒక్కో ఉక్కు కడ్డీ ద్వారా వెళుతుంది. ఆ కడ్డీయే హాఫ్ షాఫ్టు. విజయనగరం, శ్రీకాకుళం షెడ్లలో యాక్సిల్ షాఫ్టంటారు, తొందరలో ఉంటే ఉత్త యాక్సిల్. లోపలి కొసన చెక్కిన పళ్లు డిఫరెన్షియల్‌లోని సన్ గేరులో దూరతాయి, బయటి కొస చక్రపు హబ్బుకు బిగుస్తుంది. ఇంత సాదా వస్తువు కారులో ఇంకోటి కనపడదు. అందుకే కాబోలు, ఒక బండిది తీసి ఇంకో బండికి వేసెయ్యొచ్చన్న ధైర్యం దీని విషయంలో వచ్చినంత సులువుగా మరి దేనికీ రాదు. "రెండూ ఒకటే బాబూ, ఎక్కీస్తాది" అన్న ఒక్క మాటకు బలైపోయిన ఇరుసులు ఎన్నో లెక్క లేదు.

ఎక్కడం వేరు, తట్టుకోవడం వేరు. 1955లో వచ్చిన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎం.జి.ఏ.నే తీసుకుంటే, దాని 1489 సి.సి. ఇంజను ఇచ్చే టార్కు సుమారు 105 న్యూటన్ మీటర్లు. ఒకటో గేరులో అది 3.64 రెట్లవుతుంది. వెనక డిఫరెన్షియల్‌ను తిప్పే పళ్లచక్రాల జత, అంటే క్రౌన్ పినియన్ దగ్గర మళ్లీ 4.3 రెట్లు పెరిగి 1600 దాటుతుంది. డిఫరెన్షియల్ దాన్ని రెండు షాఫ్టులకూ సమంగా పంచుతుంది గనక ఒక్కోదాని వాటా 800 పైచిలుకు. క్లచ్చు మీంచి కాలు జారితే ఆ లెక్క కూడా నిలవదు. గుండ్రటి కడ్డీ మెలిని తట్టుకునే బలం దాని వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. లావు పదో వంతు పెరిగితే బలం దాదాపు మూడో వంతు పెరుగుతుంది, పదో వంతు తగ్గితే నాలుగో వంతుకు పైగా పోతుంది. పక్కపక్కన పెట్టి చూసినా కంటికి ఆనని తేడా అది.

ఇరుసులు మూడు రకాలు. సెమీ ఫ్లోటింగ్ రకంలో షాఫ్టే చక్రాన్ని తిప్పాలి, బండి బరువూ మొయ్యాలి. బయటి కొసన విరిగితే చక్రం బండిని వదిలేసి తన దారిన పోతుంది. త్రీ క్వార్టర్ ఫ్లోటింగ్‌లో హబ్బు బేరింగు ఇరుసు గొట్టం మీద కూచుంటుంది, బరువు గొట్టానిది. మలుపు తిరిగేటప్పుడు పక్కకు తోసే బలం మాత్రం షాఫ్టు మీద పడుతుంది. ఫుల్ ఫ్లోటింగ్‌లో షాఫ్టుకు తిప్పడం తప్ప వేరే పని లేదు. ఒక రకం ఇరుసు షాఫ్టును ఇంకో రకంలో పెట్టే ఆలోచనే చెయ్యకూడదు.

ఒకే రకంలో చుట్టరికం ఉన్నా పొత్తు కుదరకపోవచ్చు. అందుకు అంబాసిడరే సాక్ష్యం. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌కు భారతీయ రూపమైన ఈ కారు 1957లో మొదలై 2014 దాకా బెంగాల్లోని ఉత్తరపారా కర్మాగారంలో తయారైంది. 1959 నుంచి దాని బానెట్ కింద ఉన్నది బి సిరీస్ 1489 సి.సి. ఇంజను, అంటే ఎం.జి.ఏ. ఇంజనుకు సొంత తోబుట్టువు. ఆక్స్‌ఫర్డ్ నుంచి సంక్రమించిన వెనక ఇరుసుదీ ఆ కుటుంబమే. పార్వతీపురం స్టేషను బయట ఏడుగురిని ఎక్కించుకుని ఎనిమిదో మనిషి కోసం చూసిన టాక్సీకీ, ఇంగ్లండు పల్లెదారుల్లో టాపు తీసి షికారు తిరిగే ఇద్దరు మనుషుల కారుకీ ఇంత దగ్గరి బంధుత్వం ఉందంటే చాలామంది నమ్మరు. అయినా షాఫ్టులు మారవు. ఎం.జి.ఏ. వెనక చక్రాల మధ్య దూరం 48¾ అంగుళాలే. అంబాసిడర్ సంసారపక్షం బండి, నడుము వెడల్పు. దాని షాఫ్టు ఎం.జి.ఏ.కు పొడుగు, ఎం.జి.ఏ.ది దీనికి పొట్టి.

ఎం.జి.ఏ.కూ, దాని తరువాత వచ్చిన ఎం.జి.బి.కీ మధ్య కుదిరే పొత్తు క్రౌన్ పినియన్‌ది. ఎం.జి.ఏ.లో పళ్లు 10కి 43, ఎం.జి.బి.లో 11కి 43. తొలి ఎం.జి.బి. జత ఎం.జి.ఏ.లో వేస్తే పెద్ద రోడ్డు మీద ఇంజను అరుపు తగ్గుతుంది, ఒకటో గేరులో షాఫ్టుల మీద భారమూ ఆ మేరకు తగ్గుతుంది. ఎత్తు ఎక్కడంలో కొంచెం మందగిస్తుంది, అంతే. ఎం.జి.బి. పేరే చూసి షాఫ్టు కొన్నవాడు మాత్రం చిక్కుల్లో పడతాడు. 1962లో వచ్చిన ఓపెన్ కారుకు త్రీ క్వార్టర్ ఫ్లోటింగ్ బాంజో ఇరుసు. 1965లో వచ్చిన మూత కారు జి.టి.కి సెమీ ఫ్లోటింగ్ గొట్టపు ఇరుసు, 1967 నుంచి ఓపెన్ కారుకూ అదే. పైగా తీగచువ్వల చక్రాల కారుకు ఇరుసు పొట్టి, రేకు చక్రాల కారుకు పొడుగు. పేరొకటే, షాఫ్టులు మాత్రం వేరువేరు.

ట్రయంఫ్ కార్ల కథ ఇంకోలా ఉంటుంది. టి.ఆర్.2, తొలి టి.ఆర్.3 కార్ల లాక్‌హీడ్ ఇరుసులో షాఫ్టులు విరగడం పేరుమోసిన జబ్బు. 1956లో ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు ఇచ్చినప్పుడే వెనక గట్టిదైన గిర్లింగ్ ఇరుసు కూడా పెట్టారు. తెలిసినవాళ్లు పాత కారుకు గిర్లింగ్ షాఫ్టులు వెతకరు, ఇరుసు మొత్తం దించి మార్చేస్తారు. హెరాల్డ్, స్పిట్‌ఫయర్ కార్లలో ఇరుసు గొట్టమే లేదు. డిఫరెన్షియల్ ఛాసిస్‌కు బిగిసి ఉంటుంది, షాఫ్టులు దాని దగ్గర కీలు మీద పైకీ కిందికీ ఆడతాయి. మలుపులో వేగం మించితే బయటి పక్క చక్రం కిందికి ముడుచుకుంటుంది. 1970లో స్పిట్‌ఫయర్ స్ప్రింగు కట్టు మార్చి ఆ గుణాన్ని అణిచారు. 1973లో దానికే ఒక్కో పక్క అంగుళం పొడుగు షాఫ్టులు వేసి వెనక వెడల్పు రెండంగుళాలు పెంచారు. ఈ పొడుగు షాఫ్టులను ముందటి కార్లకు ఎక్కించడం స్పోర్ట్స్ కార్ల మార్పిడుల్లోకెల్లా తెలివైనది. టైరు మడ్‌గార్డుకు రాసుకోకుండా చూసుకుంటే చాలు. అదే హెరాల్డ్ మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారై తెలుగు ఊళ్లకూ వచ్చింది. తరువాతి గెజెల్‌కు మద్రాసువాళ్లు ఊగే షాఫ్టులు తీసేసి మామూలు బిగి ఇరుసు పెట్టారు. మన రోడ్ల గతి తెలిసిన నిర్ణయం.

ఉత్తరాంధ్ర ఏజెన్సీ దారుల్లో షాఫ్టుల మార్పిడి ఎక్కువగా జరిగింది జీపులకు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు సంతలకు మనుషుల్నీ మూటల్నీ చేరవేసిన బళ్లు అవే. విల్లీస్ వంశం జీపుల్లో డిఫరెన్షియల్ నడిమధ్యన ఉండదు, కుడి పక్కకు జరిగి ఉంటుంది. కాబట్టి ఎడమ షాఫ్టు పొడుగు, కుడిది పొట్టి, ఒకదానికి ఒకటి బదులు రాదు. డానా 44 అని ఒకే పేరుతో పిలిచే ఇరుసులో కూడా కాలాన్ని బట్టి షాఫ్టు పళ్లు 10, 19, 30 అని మారాయి. ఈ జీపుల చేతిబ్రేకు చక్రాల దగ్గర ఉండదు, గేర్ల పెట్టె వెనక ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుంటుంది. యాక్సిల్ షాఫ్టు విరిగిందంటే ఆ చేతిబ్రేకూ పోయినట్టే, ఎత్తులో ఉన్న జీపు వెనక్కి జారుతుంది. చక్రం కింద పెట్టే రాయి కోసం క్లీనరు ముందే దూకేది అందుకే.

ఇక సాలూరు. విజయవాడ తరువాత లారీలకు పేరున్న ఊరు. విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం, సాలూరు దాటి సుంకి మీదుగా కోరాపుట్ వెళ్లే దారి పాత లెక్కలో 43వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 26. సాలూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. బరువు లారీ ఆగి మళ్లీ కదలాల్సిన మలుపే యాక్సిల్ విరిగే చోటు. ఫుల్ ఫ్లోటింగ్ ఇరుసు గొప్పతనం తెలియాలంటే అక్కడే చూడాలి. జాకీ అక్కర్లేదు, లోడు దించక్కర్లేదు. చక్రాలకు రాళ్లు పెట్టి, హబ్బు మధ్య బోల్టులు విప్పి, అంచున రెండు దెబ్బలు వేస్తే షాఫ్టు బయటికి వచ్చేస్తుంది. లోపల తుంట మిగిలితే తీగ ఉచ్చుతోనో అయస్కాంతంతోనో లాగాలి. కొత్తది దూర్చి, పేపరు గ్యాస్కెట్ పెట్టి బిగిస్తే లారీ మళ్లీ దారిన పడుతుంది. ఇంత మర్యాద తెలిసిన ఇరుసును స్పోర్ట్స్ కార్లవాళ్లు బరువని చెప్పి వద్దనుకున్నారు, చువ్వంత షాఫ్టులతో అవస్థలు పడ్డారు. ఆ విషయంలో సాలూరు క్లీనరుకు ఉన్న స్పష్టత ట్రయంఫ్ కార్లు చేసిన కవెంట్రీ ఇంజనీర్లకు లేకపోయింది.

విరిగిన ముఖం చూస్తే కారణం తెలుస్తుంది. ఒక అంచు నుంచి నున్నగా, నల్లగా వంపుగీతలు పరుచుకుని, మిగతా ముక్క గరుకుగా మెరుస్తుంటే అది ఒక్కరోజు విరుగుడు కాదు. పంటి మొదట్లోనో, గీరుకుపోయిన చోటో పగులు పుట్టి చాలాకాలం పాకిందన్న మాట. విరక్కముందే పళ్లు నిటారుగా కాక కాస్త మెలి తిరిగి కనపడితే ఆ షాఫ్టు పని అయిపోయింది.

షాఫ్టును కోసి అతికించడం అన్నిటికన్నా పెద్ద పాపం. పొడుగైతే మధ్యలో కోసి, పొట్టైతే ముక్క చేర్చి వెల్డింగ్ పెట్టి, లేతు మీద నున్నగా తిప్పి, నల్లరంగు పూసి ఇచ్చే పనితనం చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. షాఫ్టు మామూలు ఇనుము కాదు. మిశ్రమ ఉక్కును కాల్చి, చల్లార్చి, పదును పెట్టి చేసినది. వెల్డింగ్ వేడికి ఆ పదును అతుకు చుట్టూ చెడుతుంది, ఒక చోట పెళుసు, పక్కనే మెత్తన. కొస కత్తిరించి కొత్త పళ్లు చెక్కించడమూ అంతే. గట్టి పైపొర పోయి మెత్తటి గుండె మీద పళ్లు పడతాయి. సన్ గేరులో బిగుతుగా ఉందని పళ్లను ఆకురాయితో అరగదీసేవాళ్లున్నారు. వాళ్ల షాఫ్టు మొదటి వారం కటకటమంటుంది, తరువాత మాట్లాడదు. అతుకు షాఫ్టు బల్ల మీద ఎంత పరీక్షకైనా నిలుస్తుంది, నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడే ఊడుతుంది. సెమీ ఫ్లోటింగ్ కారులో అయితే దానితో పాటు చక్రమూ పోతుంది. పదును పెట్టే కొలిమి లేని షెడ్డుకు ఈ పని చేసే హక్కు లేదు.

మార్చక తప్పని చోట చూసుకోవలసినవి కొద్దే. ఇరుసు రకం, పొడుగు, పళ్ల సంఖ్య, పళ్ల దగ్గర లావు, హబ్బు అంచు రంధ్రాలు, చక్రం తీగదా రేకుదా, కుడా ఎడమా. కొలత వర్నియర్‌తో తియ్యాలి, జానతో కాదు. షాఫ్టు చేత్తో తోస్తే సన్ గేరులోకి వెళ్లాలి, సుత్తి అడిగిందంటే అది ఆ బండిది కాదు. ఆయిల్ సీలు, గ్యాస్కెట్ కొత్తవే వెయ్యాలి, లేకపోతే గేరాయిల్ బ్రేకు డ్రమ్ములోకి దిగుతుంది. పాత షాఫ్టు కొంటే పళ్ల మొదళ్లలో పగుళ్లు వెతికే పరీక్ష చేయించాలి. సరైన షాఫ్టు దొరకనప్పుడు అదే కాలపు, అదే కారు ఇరుసును బ్రేకులతో సహా మొత్తంగా దించి ఎక్కించడమే చివరికి చవక.