పెట్టె పలకని మంగళవారం

జంగారెడ్డిగూడెం బస్టాండు దగ్గర మాది టిఫిన్ సెంటరు. మంగళవారం వస్తే గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి గుడికెళ్లే జనంతో పెనం ఖాళీ ఉండదు. మిగతా రోజుల్లో అన్నీ తెలిసిన మొహాలే, చాలామందికి ఖాతా కూడా ఉంది. మంగళవారం మాత్రం ఎవరు ఎవరో తెలీదు.

యూపీఐ 2016లో వచ్చినా మా కౌంటరు మీదికి స్కానరు, దాంతోపాటు డబ్బు పడగానే పలికే పెట్టె వచ్చింది కరోనా తర్వాతే. చిల్లర గొడవ పోయింది గానీ "కొట్టేశానండి", "పడలేదండి" అనే గొడవ మొదలైంది. ఒక్కోసారి ఇద్దరూ నిజమే చెబుతారు. అవతల కట్టయిన డబ్బు ఇవతల పడకుండా మధ్యలో ఆగిపోతుంది. షాపుకి కట్టింది ఖరారు కాకపోతే అయిదు రోజుల్లో వెనక్కి వేయాలనీ, ఆలస్యమైతే రోజుకి 100 రూపాయలు ఇవ్వాలనీ 2019లోనే రిజర్వు బ్యాంకు రూలు పెట్టింది. బస్సు హారన్ కొడుతుంటే ఆ రూలు ఎవరికి కావాలి?

ఓ సోమవారం ఇద్దరు కుర్రాళ్లు దొంగ యాప్‌లో పచ్చ టిక్కు చూపించి నాకు 140 రూపాయలు టోపీ పెట్టారు. ఆ మంట ఆరకముందే, మర్నాడు పొద్దున్నే ఖమ్మం నుంచి ఓ కుటుంబం దిగింది. రెండు పెసరట్టు ఉప్మా, ఓ పూరీ. 190 అయ్యింది. ఆయన స్కాన్ చేశాడు. పెట్టె పలకలేదు.

"పోయినయ్ అన్నా, చూడు" అని ఫోను నా ముందు పెట్టాడు. పచ్చ టిక్కు.

"అలాంటి టిక్కులు చాలా చూశామండి గురువుగారూ."

మేం గోదారోళ్లం ఇంతే. ఎదుటివాణ్ణి దొంగంటాం, చివర 'అండి' మాత్రం మరిచిపోం. ఆయన ఇంకేం మాట్లాడలేదు. భార్య చేతిసంచీలోంచి, గుడి దగ్గర దానం చేయడానికి తెచ్చుకున్నట్టున్నారు, పది రూపాయల నోట్లు తీసి లెక్కపెట్టింది. పందొమ్మిది. పూరీ తింటున్న పాప నన్నే చూస్తోంది.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక చూస్తే పెట్టెకి చార్జింగే లేదు. ప్లగ్గు తీసి మిక్సీకి పెట్టింది నేనే. నా ఫోన్లో చూస్తే 8 గంటల 52 నిమిషాలకి 190 పడే ఉంది. అప్పుడు నా ఫోను గల్లాపెట్టెలోనే ఉంది. తీసి చూడలేదు, అంతే.

పెట్టె బిగించిన కుర్రాణ్ణి పిలిచి, యాప్‌లోంచే ఆ డబ్బు వెనక్కి కొట్టించాను. వెళ్లినట్టు పచ్చ టిక్కు వచ్చింది. దాంతోపాటు నాలుగు ముక్కలు రాసి పంపే వీలుందేమోనని అడిగితే, డబ్బొక్కటే వెళ్తుందన్నాడు.

ఇప్పుడు పెట్టె పలక్కపోతే మనిషి మొహంకేసి చూడను. యూపీఐ లావాదేవీ నంబరు పన్నెండంకెలు ఉంటుంది, చివరి నాలుగూ చదవమని నా ఫోన్లో సరిచూసుకుంటా. కలవకపోతే ఓ పుస్తకంలో ఫోన్ నంబరు రాయించుకుని బస్సెక్కించేస్తా. మా ఆవిడ ఆ పుస్తకానికి 'మద్ది ఖాతా' అని పేరు పెట్టింది. అందులో ఇంకా రాని బాకీలు మూడున్నాయి.